బోరు వేయని చోటు

మా నాయన సండూరు కొండల్లో ఒక ఇనుపరాతి గనిలో పనిచేసేవాడు. బోరు మిషను లోపలికి దిగేకొద్దీ పైకి వచ్చే రాతి కడ్డీలను చెక్కపెట్టెల్లో వరుసగా పేర్చడం, ఎన్ని మీటర్ల లోతున ఏ రాయి తగిలిందో పెట్టె అంచు మీద రాయడం ఆయన పని. మేముండేది యశ్వంతనగర్‌లో. హొసపేట నుంచి స్వామిహళ్ళికి పోయే రైలుమార్గం మీద ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, గని దగ్గర రెండూ కలగలిపి. అమ్మ ఆరేసిన తెల్లగుడ్డలు సాయంత్రానికి పల్చటి ఎరుపు తిరిగేవి.

సెలవురోజుల్లో నాయన వెంట గని ఆఫీసుకు పోయేవాణ్ణి. అక్కడ గోడమీద ఒక పెద్ద కాగితం ఉండేది. దాన్నిండా చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో బోరు. చుక్కల మధ్య గీతలు. కొన్నిచోట్ల గీత నిండుగా ఉండేది, కొన్నిచోట్ల తెగి తెగి సాగేది.

"ఇదేంది నాయనా, ఈడ గీత తెగిపోయింది?" అని అడిగాను ఒకసారి.

"ఆడ బోరు ఏయలేదప్పా. రాయి ఉంటాదని అనుకుంటాండారు. అనుకునేదాన్ని నిండుగీత గీయగూడదు."

నేను పెద్దయ్యాక రాయి పని చేయలేదు. ఇరవై ఏళ్ళుగా నా పని గాలి ఉష్ణోగ్రతకు పటాలు గీయడం. అయినా రోజూ కంప్యూటరు ముందు కూర్చుని నేను తేల్చాల్సింది ఆ గోడమీది కాగితం అడిగిన ప్రశ్ననే. అక్కడక్కడా కొలిచిన చుక్కలున్నాయి. కొలవని చోట ఎంత?

లెక్కల పుస్తకాల్లో దీన్ని అంతర్వేశనం అంటారు. ఆఫీసులో మేం ఇంటర్‌పొలేషన్ అనే అంటాం. అన్నిటికంటే సులువైన పద్ధతి దూరాన్ని బట్టి మాట విలువ కట్టడం. దగ్గరి వాతావరణ కేంద్రం మాటకు బరువెక్కువ, దూరపు కేంద్రం మాటకు తక్కువ. ఒక ఊరికి పది కిలోమీటర్లలో ఉన్న కేంద్రం తెల్లవారుజామున 14 డిగ్రీలు చూపించింది, ఇరవై కిలోమీటర్లలో ఉన్నది 18 చూపించింది అనుకుందాం. దూరం రెట్టింపైతే బరువు నాలుగోవంతుకు పడిపోతుంది. కనుక మొదటిదానికి నాలుగు పాళ్ళు, రెండోదానికి ఒక పాలు. కలిపి ఐదుతో భాగిస్తే 14.8. ఊళ్ళో థర్మామీటర్ లేకపోయినా ఊరికి ఒక అంకె వచ్చేసింది. 1968లో షెపర్డ్ అనే ఆయన ప్రచురించిన పద్ధతికి మూలం ఇదే. మన భారత వాతావరణ శాఖ దేశానికంతటికీ గళ్ళుగళ్ళుగా ఉష్ణోగ్రతలు లెక్కగట్టినప్పుడు వాడింది దాన్నే కొంత సవరించి.

ఇంకొంచెం నిక్కచ్చి పద్ధతి పేరు క్రిగింగ్. నేనది నేర్చుకున్న రోజు నాయనకు ఫోన్ చేశాను. ఎందుకంటే అది గనుల్లో పుట్టింది. దక్షిణాఫ్రికాలో విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో పనిచేసిన డానీ క్రిగ్ అనే ఇంజనీరు, బోర్ల మధ్య ఖనిజం ఏపాటి ఉంటుందో అంచనా వేయడానికి 1951లో దానికి పునాది వేశాడు. తర్వాత ఫ్రాన్సులో జార్జ్ మాథెరాన్ దాన్ని గణితంగా నిలబెట్టి క్రిగ్ పేరే పెట్టాడు. అదే కాలంలో సోవియట్ దేశంలో లెవ్ గాండిన్ అనే వాతావరణ శాస్త్రవేత్త గనుల ఊసే లేకుండా, గాలి కొలతల కోసం దాదాపు అదే లెక్కకు చేరాడు. ఆయన పుస్తకం వచ్చింది 1963లో. రాతికి ఒకరు, గాలికి ఒకరు, వేర్వేరు దేశాల్లో కూర్చుని ఒకే లెక్క కట్టారు. ఫోన్లో ఇదంతా విని నాయన, "అయితే బోర్లు ఎంత దూరంలో ఏస్తే చాలో అది చెప్తాదా?" అని అడిగాడు.

చెప్తుంది. అది ముందు చూసేది కొలతల మధ్య దూరం పెరిగేకొద్దీ వాటి పోలిక ఎంత త్వరగా చెదిరిపోతుందో. ఆ పోలిక చెదిరేలోపు ఇంకో కొలత ఉండాలి. లేకపోతే మధ్యలో వచ్చే అంకె ఒట్టి సగటు అవుతుంది. క్రిగింగ్‌లో నాకు ప్రాణమైన సంగతి ఇంకొకటుంది. ప్రతి చోటికీ అంచనాతో పాటు, ఆ అంచనా ఎంతవరకు తప్పవచ్చో కూడా ఇస్తుంది. చుక్కలు దట్టంగా ఉన్నచోట ఆ రెండో అంకె చిన్నది, పల్చబడినచోట పెద్దది. మా గని ఆఫీసు గోడమీది తెగిన గీతకు అది గణితరూపం. చాలా ఆఫీసుల్లో ఆ రెండో పటాన్ని తయారుచేసి పక్కన పడేస్తారు. మొదటి పటం ఒక్కటే రంగుల్లో అచ్చవుతుంది.

మన దేశంలో చుక్కలెన్ని? వాతావరణ శాఖ రోజువారీ ఉష్ణోగ్రతల గళ్ళను తయారుచేసినప్పుడు నమ్మకమైన రికార్డున్న 395 కేంద్రాలను తీసుకున్నారు. వానకు అలాంటి గళ్ళే చేసినప్పుడు తీసుకున్నవి 6,955 వానమాపకాలు. అందుకే వాన గడి పావు డిగ్రీ, ఉష్ణోగ్రత గడి ఒక డిగ్రీ. అంటే మన అక్షాంశాల్లో దాదాపు నూటపది కిలోమీటర్ల చదరం. దేశ వైశాల్యాన్ని ఆ 395తో భాగిస్తే ఒక్కో కేంద్రం వంతుకు ఎనిమిది వేల మూడు వందల చదరపు కిలోమీటర్లు వస్తాయి. విడిపోకముందు బళ్ళారి జిల్లా మొత్తం దాదాపు అంతే. తుంగభద్ర ఆయకట్టు వరిమళ్ళు, బళ్ళారి నల్లరేగళ్ళు, కూడ్లిగి ఎర్రనేలలు, సండూరు కొండలు, అడవులు, అన్నిటికీ కలిపి ఒక్క థర్మామీటర్.

దాన్ని తప్పుపట్టడానికి చెప్పడంలేదు. ఆ గళ్ళు చేసింది దేశం మొత్తం మీద వేడిగాలులు, చలిగాలులు ఎలా కదులుతున్నాయో చూడటానికి. ఆ పనికి అవి చాలు. 1987లో హాన్సెన్, లెబెడెఫ్ అనే ఇద్దరు నాసా శాస్త్రవేత్తలు ఒక సంగతి చూపించారు. ఒకచోట ఉష్ణోగ్రత దాని మామూలుకంటే ఎంత ఎక్కువైంది, ఎంత తక్కువైంది అనే తేడాను మాత్రమే తీసుకుంటే, దాని పోలిక వందల కిలోమీటర్ల దాకా నిలుస్తుంది. ధ్రువాల వైపు పన్నెండు వందల కిలోమీటర్ల వరకు కూడా. ఉష్ణమండలంలో అంత బలంగా ఉండదు, అయినా ఉంటుంది. ఈ ఏడు బళ్ళారిలో ఏప్రిల్ మామూలుకంటే ఒక డిగ్రీ ఎక్కువ కాగిందంటే యశ్వంతనగర్‌లో కూడా రమారమి అంతే ఎక్కువ కాగి ఉంటుంది. భూమి వేడెక్కుతోందా అని తేల్చడానికి కేంద్రాలు మరీ దట్టంగా ఉండనక్కర్లేదు. కానీ రైతు అడిగేది అది కాదు. ఈ రాత్రి నా చేలో చలి ఎంత దిగుతుంది అని. ఆ ప్రశ్నకు వందల కిలోమీటర్లు కాదు, ఒక్కోసారి వంక ఈ గట్టుకూ ఆ గట్టుకూ జవాబు మారుతుంది.

అది నాకు నా తప్పు మీదే తెలిసివచ్చింది.

అప్పట్లో మేం పంటల సలహాల కోసం ఒక సంస్థకు పటాలు చేసి ఇచ్చేవాళ్ళం. కర్ణాటకలో పంచాయతీకొక వానమాపకం, హోబళికి, అంటే తాలూకాలో కొన్ని ఊళ్ళ గుంపుకు, ఒక వాతావరణ కేంద్రం వచ్చాయి. అంతకుముందు ఉష్ణోగ్రత కొలిచే కేంద్రం తాలూకాకు ఒకటి దొరకడమే గగనం. ఆ కొలతలతో నేను కనిష్ఠ ఉష్ణోగ్రతల పటం గీశాను. సరిచూసుకోవడానికి మాకొక పరీక్ష ఉంది. కేంద్రాల్లో ఒకదాన్ని దాచిపెట్టి, మిగతావాటితో దాని విలువ లెక్కగట్టి, దాచిన అంకెతో పోలుస్తాం. అలా వంతులవారీగా అన్నిటినీ దాచి చూస్తాం. తేడాల సగటు ఒక డిగ్రీ లోపే వచ్చింది. ఆ పటాన్ని గర్వంగానే పంపాను.

ఆ చలికాలం ఊరికి పోయినప్పుడు, మా ఇంటి వెనక వీధిలో ఉండే ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. వంక పక్కన ఆయనకు జొన్నచేను ఉంది. జొన్న పూతకొచ్చే వేళ రాత్రి చలి మరీ దిగితే పుప్పొడి చెడుతుంది, కంకిలో గింజ పట్టదు.

"మీ ఫోన్లో వచ్చింది చూసినానప్పా. రాత్రి పెద్ద చలి ఏమీ లేదంట. నేను తెల్లారి చేనికి పోతే కాళ్ళు కొంకర్లు పోయినాయి. మా వంకలో చలి ఎంతుందో మీ కంప్యూటర్‌కి ఎవురు చెప్పినారు?"

మర్నాడు చీకటుండగానే ఒక చేతి థర్మామీటర్ పట్టుకుని ఆయనతో వెళ్ళాను. ఊరి మిట్టమీద ఒక అంకె. చేలోకి దిగుతుంటే తగ్గుతూ వచ్చింది. వంక ఒడ్డున నిలబడితే ఊపిరి పొగలా కనిపించింది. మళ్ళీ కొండవాలు మీదికి కొంచెం ఎక్కితే పెరిగింది.

పుస్తకంలో ఉన్నదే. ఎత్తుకు పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది, కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీలు. పగటిపూట అది చాలావరకు నిలబడే లెక్క. బ్రిటిష్ కాలంలో బళ్ళారి కంటోన్మెంటు సిపాయిలను ఎండ తప్పించుకోవడానికి రామనదుర్గం కొండమీదికి పంపేవారు. బళ్ళారి పదిహేను వందల అడుగుల చిల్లర ఎత్తులో ఉంటే ఆ కొండ మూడు వేలు దాటుతుంది. అర కిలోమీటరు ఎత్తు అంటే మూడు డిగ్రీల ఊరట. కానీ మబ్బులేని, గాలిలేని చలికాలపు రాత్రి ఆ లెక్క తలకిందులవుతుంది. నేల వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలకు తగిలిన గాలి చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కిన గాలి నీళ్ళలాగే పల్లానికి పారుతుంది. కొండవాలు మీంచి జారి, వంకల్లోకి చేరి, అక్కడే తెల్లారేదాకా నిలుస్తుంది. అప్పుడు పల్లం చల్లన, వాలు వెచ్చన.

నా పటంలో ఎత్తు లెక్క ఉంది. ప్రతి ఊరికీ సముద్రమట్టం నుంచి ఎత్తు తీసి, కిలోమీటరుకు ఆరున్నర చొప్పున సవరించాను, పగలైనా రాత్రైనా. అంటే ఆ తెల్లవారుజామున నేను వంకకు వేడి కలిపాను, వాలుకు చలి కలిపాను. రెండుచోట్లా తప్పువైపే.

మరి దాచిపెట్టే పరీక్షలో అది ఎందుకు దొరకలేదు? దీని గురించి చాలా రాత్రులు ఆలోచించాను. కేంద్రాలు ఎక్కడుంటాయి? హోబళి ముఖ్య ఊళ్ళలో, ఆఫీసు ఆవరణల్లో, కంచె, కాపలా, సెల్‌ఫోన్ సిగ్నల్ ఉన్నచోట. అవన్నీ ఊళ్ళు, అన్నీ చదునైన మిట్టలు. ఒక మిట్టను దాచి ఇంకో మిట్టతో పోల్చితే తేడా తక్కువే వస్తుంది. వంకలో కేంద్రమే లేదు కాబట్టి వంకను ఎవరూ దాచలేరు. కేంద్రం ఉన్నచోట నేను ఎంత బాగా ఊహించగలనో ఆ పరీక్ష చెప్పింది. లేనిచోటి గురించి అది నోరు విప్పలేదు, నేనూ అడగలేదు.

కేంద్రాల సాంద్రత అంటే అప్పటిదాకా నాకు ఒకే అర్థం: ఎన్ని చదరపు కిలోమీటర్లకు ఒకటి? ఆ తర్వాత చాలా ప్రయోగాలు చేశాను. ఉన్న కేంద్రాల్లో సగం తీసేయడం, మళ్ళీ సగం తీసేయడం, తప్పు ఎంత పెరుగుతుందో చూడటం. బళ్ళారి నుంచి సిరుగుప్ప వైపు చదునునేలలో మధ్యాహ్నపు ఉష్ణోగ్రత తీసుకుంటే సగం కేంద్రాలు తీసేసినా పటం కదల్లేదు. సండూరు తాలూకాలో తెల్లవారుజాము ఉష్ణోగ్రత తీసుకుంటే ఒక్క కేంద్రాన్ని తీసినా పటం ముఖమే మారిపోయింది. ఒకే జిల్లా, ఒకే లెక్క. పగటి ఎండకు సరిపోయే సాంద్రత రాత్రి చలికి సరిపోదు. మైదానానికి సరిపోయేది కొండపక్కకు సరిపోదు. పైగా కేంద్రాల మధ్య దూరం సగానికి తగ్గాలంటే కేంద్రాలు నాలుగింతలు కావాలి. ఖర్చూ అంతే పెరుగుతుంది, లాభం మాత్రం ఆ లెక్కన రాదు. డబ్బు పది కేంద్రాలకే ఉంటే వాటిని సమదూరాల్లో గళ్ళలా పెట్టమని నేను చెప్పను. వంకకొకటి, వాలుకొకటి, కొండనెత్తిన ఒకటి పెట్టమంటాను. మైదానానికి రెండు చాలు.

సాంద్రత పెరిగినా పటం చెడిపోయే సందర్భాలు కూడా చూశాను. థర్మామీటర్‌కు తెల్లటి జాలీపెట్టె ఎందుకు? ఎండ నేరుగా తగలకుండా, గాలి మాత్రం ఆడేలా. ఆ పెట్టెను రూపొందించిన థామస్ స్టీవెన్సన్ లైట్‌హౌసులు కట్టిన ఇంజనీరు, రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తండ్రి. పెట్టె నేల నుంచి సుమారు మనిషి ఎత్తులో, పచ్చిక మీద, గోడలకు దూరంగా ఉండాలి. ఒకచోట నేను చూసిన కేంద్రం మిద్దె మీద, నీళ్ళట్యాంకు పక్కన ఉంది. కాంక్రీటు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంటుంది. ఆ ఒక్క కేంద్రం పటంమీద తన చుట్టూ ఎర్రటి గుండ్రటి మచ్చ వేసేది. అలాంటి వాటిని పది కలిపే బదులు సరైనచోట ఒకటి పెట్టినా మేలు.

2021లో విజయనగర జిల్లా ఏర్పడినప్పుడు జరిగింది చెప్పాలి. హొసపేట, కూడ్లిగి అటు వెళ్ళాయి. సండూరు తాలూకా బళ్ళారిలో మిగిలింది. మా దగ్గర కొలతలన్నీ జిల్లాలవారీ ఫైళ్ళలో ఉండేవి. కొత్త ఫైళ్ళు వచ్చాయి. ఎవరూ ఏమీ మార్చలేదు, లెక్క అదే, ప్రోగ్రాము అదే. కానీ యశ్వంతనగర్ ఉష్ణోగ్రత ఒక్కరాత్రిలో మారింది. కారణం వెతకడానికి రెండు రోజులు పట్టింది. కొండ అవతల హొసపేట, నైరుతిన కూడ్లిగి కేంద్రాలు ఇప్పుడు వేరే జిల్లావి. కనుక బళ్ళారి ఫైల్లో లేవు. మా ఊరికి ఒక పక్క చెవి మూసుకుపోయింది. తూర్పునుంచి వచ్చే మాటలే వినిపిస్తున్నాయి. జిల్లా గీత పడింది కాగితం మీద. చలిగాలి వంకలో ఎప్పటిలాగే పారుతోంది.

ఇది రాష్ట్రాల సరిహద్దులో ఇంకా ఘోరం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఉమ్మడి బళ్ళారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి, బళ్ళారి మైసూరులోకి వెళ్ళాయి. ఇప్పుడు అటు కేంద్రాలు ఒక రాష్ట్రానివి, ఇటువి ఇంకో రాష్ట్రానివి. ఎవరి పటం వారు గీసుకుని పక్కపక్కన పెడితే సరిహద్దు పొడవునా కుట్టు కనిపిస్తుంది. అటు గడి ఒక రంగు, ఇటు గడి ఇంకో రంగు. నేను ఎవరికి పని నేర్పినా మొదట చెప్పేది ఇదే: ముందు చుట్టుపక్కల కొలతలన్నీ కలిపి లెక్కగట్టండి, జిల్లాగా కత్తిరించడం ఆఖర్న చేయండి. సరిహద్దు ఊళ్ళకు ఇంత చిన్న జాగ్రత్తతో సగం న్యాయం జరుగుతుంది.

తెలంగాణలో ఇప్పుడు ఆటోమేటిక్ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. వైశాల్యంతో భాగిస్తే దాదాపు పది కిలోమీటర్లకొకటి. చలికాలం వస్తే సిర్పూర్, తిర్యాణి, కోహీర్ పేర్లు పేపర్లో కనిపిస్తాయి. మా చిన్నప్పుడు చలి అంటే ఆదిలాబాద్ ఒక్కటే. చలి కొత్తగా అక్కడికి రాలేదు, కొలిచే పరికరం వచ్చింది. విశాఖ మన్యంలో లంబసింగి పేరు మీద వార్తల్లో వచ్చిన అంకెలు చాలా ఏళ్ళపాటు చింతపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానంలో కొలిచినవి. అందుకే ఎక్కడైనా "రికార్డు చలి", "రికార్డు ఎండ" అని చదివితే నేను ముందు అడిగేది ఆ కేంద్రం ఎప్పుడు పెట్టారని. కేంద్రాలు పెరిగితే రికార్డులు ఎటూ పెరుగుతాయి. దాన్నీ వాతావరణ మార్పునూ కలిపేస్తే నిజంగా జరుగుతున్న మార్పుకే అన్యాయం చేసినట్టు.

ఆ పెద్దాయన చేలో, వంక ఒడ్డున మేమొక చిన్న పరికరం పెట్టాం. కొయ్య గుంజ, తెల్ల పళ్ళేల గొడుగు, లోపల గంటగంటకూ ఉష్ణోగ్రత రాసుకునే అగ్గిపెట్టెంత లాగర్. అలాంటివే ఇంకో రెండు: ఒకటి ఊరి మిట్టన మా ఇంటి పెరట్లో, ఒకటి వాలు మీద. వాలుమీది దాన్ని మేకలు రెండుసార్లు పడగొట్టాయి. నాయన 2011లో సుప్రీంకోర్టు ఆదేశంతో గనులు ఆగినప్పటి నుంచి ఇంటిపట్టునే ఉన్నాడు. పెరట్లో దాని బాధ్యత ఆయనే తీసుకున్నాడు. పాత గని అలవాటు కదా, నేను అడగకపోయినా పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి మబ్బుందా లేదా, గాలి ఆడిందా లేదా అని రాసేవాడు.

ఆ నోటుపుస్తకమే నా లెక్కను సరిచేసింది. మబ్బు, గాలి ఉన్న రాత్రులు మూడు పరికరాలూ దాదాపు ఒకటే చెప్పాయి. ఎత్తుకు తగ్గ చిన్న తేడా మాత్రమే. ఆకాశం నిర్మలంగా, ఆకు కదలకుండా ఉన్న రాత్రులు మాత్రం వంక విడిపోయి కిందికి జారిపోయేది. అంటే ఎత్తు సవరణ ఒకటే అంకె కాకూడదు. రోజురోజుకూ, పగటికీ రాత్రికీ ఆ రోజు కొలతల్లోంచే దాన్ని తీయాలి. దానికి తోడు ప్రతి చోటు చుట్టూ ఉన్న నేలకంటే ఎంత పల్లంగా ఉందో కూడా లెక్కలోకి రావాలి. సముద్రమట్టం నుంచి ఎత్తు ఒకటే సరిపోదు, పక్క నేల నుంచి లోతు కావాలి. ఇది చేర్చాక వంకల రంగు మారింది.

పటం అచ్చుకు పంపేముందు నాయనకు చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. సండూరు కొండల మీద, రామనదుర్గం వైపు, కుమారస్వామి కొండ వైపు వేలు పెట్టి అడిగాడు.

"ఈడ మిషను పెట్టినారా?"

"లేదు నాయనా."

"మరి ఇంత నిండు రంగు ఏంది?"

ఆ రాత్రి కూర్చుని అంచనా ఎంత తప్పవచ్చో చెప్పే ఆ రెండో పటాన్ని బయటికి తీశాను. ఆ తప్పు ఒక హద్దు మించిన ప్రతి చోటా రంగు మీద ఏటవాలు గీతలు కొట్టించాను. సండూరు తాలూకాలో దాదాపు మూడోవంతు గీతలే. సంస్థవాళ్ళు ఫోన్ చేసి పటం పాడైనట్టుంది, గీతలు తీసేయమన్నారు. తీయలేదు. అక్కడ కొలత లేదని చెప్పాను. రెండు రోజులు వాదించాక, గీతల అర్థం ఏమిటో పటం కింద ఒక వాక్యం రాస్తే ఉంచుతామన్నారు. రాశాను, కన్నడంలోనూ తెలుగులోనూ.

వంక ఒడ్డున లాగర్ ఇంకా అక్కడే ఉంది. బ్యాటరీ ఏడాదికోసారి మార్చాలి. నేను ఊరికి పోవడం ఆలస్యమైతే పెద్దాయనే ఫోన్ చేస్తాడు.

"మిషను లైటు మినకడంలేదప్పా. చలి మొదలు కాకముందే వచ్చి పో."